టర్కీ వేట సీజన్‌కి ముందు: షాట్‌గన్ గేజ్ ఎంచుకోవడంలో జాగ్రత్తలు

అమెరికాలో వసంతకాలం టర్కీ కోళ్ల వేటకాలం. ఫ్లోరిడాలో మార్చిలోనే మొదలవుతుంది, ఉత్తరాది రాష్ట్రాల్లో మే నెలంతా నడుస్తుంది. ఆఫీసులో ఎవరో రమ్మన్నారనో, అత్తింటివాళ్లకి ర్యాంచ్ ఉందనో ఈమధ్య మన తెలుగువాళ్లలో కూడా కొందరు వెళ్తున్నారు. ఇండియాలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం తర్వాత వేట అనేదే మన జీవితాల్లోంచి పోయింది కాబట్టి, మనలో చాలామందికి తుపాకీ పట్టుకోవడమే ఇక్కడ మొదలు. అలాంటివాళ్లు అందరికంటే ముందు అడిగే ప్రశ్న, "12 గేజ్ కొనాలా, 20 గేజ్ కొనాలా?" అని. గేజ్ అంటే తుపాకీ గొట్టం ఎంత లావో చెప్పే కొలత. ఎక్కువ దూరం ఏది కొడుతుందన్నది వాళ్ల మనసులో ఉంటుంది. ఏది పేలిస్తే మీరు ఉలిక్కిపడరు, మీ ఇంట్లో ఇప్పటికే ఏ గేజ్ షెల్స్ (తూటాలు) ఉన్నాయి అన్నవి దానికంటే ముందు చూడాలి. ప్రమాదాలు అక్కడే పొంచి ఉంటాయి.

తుపాకీ సంగతికి ముందు వీసా సంగతి. ఎఫ్-1, హెచ్-1బి, హెచ్-4 లాంటి నాన్-ఇమ్మిగ్రెంట్ వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ షెల్స్ గానీ దగ్గర పెట్టుకోవడాన్ని ఫెడరల్ చట్టం నిషేధిస్తుంది. దీనికి కొన్ని మినహాయింపులున్నాయి. మనకు పనికొచ్చేది, అమెరికాలో ఏదో ఒక రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని హంటింగ్ లైసెన్స్ ఉండటం. "నాది కాదు, ఫ్రెండ్‌ది, ఒక్కసారి పట్టుకున్నానంతే" అంటే చెల్లదు, తుపాకీ చేతిలో ఉంటే చాలు, నిషేధం వర్తిస్తుంది. లైసెన్స్ గడువు కూడా చూసుకోవాలి. టెక్సాస్‌లో మామూలు లైసెన్స్ ఎప్పుడు కొన్నా ఆగస్టు 31తో అయిపోతుంది. సెప్టెంబరులో కొత్తది తీసుకోకుండా తుపాకీ బీరువాలో ఉంచుకుంటే అది చిక్కే. తుపాకీ కేసులు డిపోర్టేషన్ దాకా పోగలవు కాబట్టి, అనుమానం ఉంటే ఇమ్మిగ్రేషన్ లాయర్‌ని అడిగాకే షాపుకి వెళ్లండి. గ్రీన్ కార్డ్ ఉన్నవాళ్లకి ఈ నిషేధం వర్తించదు.

హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు కూడా పూర్తి చేసి ఉండాలి. టెక్సాస్‌లో 1971 సెప్టెంబరు 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లకి ఇది తప్పనిసరి. షెల్ లోపలి పెల్లెట్లు (చిన్న గుండ్లు) ఏ సైజువి వాడొచ్చు, ఏ గేజ్ చెల్లుతుంది, తుపాకీలో ఒకేసారి ఎన్ని షెల్స్ ఉండొచ్చు అన్నవి రాష్ట్రాన్ని బట్టి మారతాయి. మిస్సోరీలో 4వ నంబరు కంటే లావు పెల్లెట్లు కుదరవు (నంబరు పెరిగేకొద్దీ పెల్లెట్ చిన్నదవుతుంది). కాలిఫోర్నియాలో 2019 జూలై నుంచి ఏ వేటకీ సీసం వాడకూడదు. ఆ ఏడాది రూల్స్ పుస్తకం చదవకుండా షెల్స్ కొంటే డబ్బు దండగ.

ఇక గేజ్. ఒక పౌను సీసాన్ని గొట్టంలో సరిగ్గా పట్టేంత సైజులో సమానమైన గుండ్లుగా పోస్తే ఎన్ని వస్తాయో, అదీ ఆ తుపాకీ గేజ్. అందుకే అంకె పెరిగేకొద్దీ గొట్టం సన్నబడుతుంది. 12 గేజ్ గొట్టం లోపలి వ్యాసం సుమారు 18.5 మిల్లీమీటర్లు, 20 గేజ్‌ది 15.6. పాయింట్ 410 ఒక్కటే ఈ లెక్కలోకి రాదు, అది అంగుళాల్లో చెప్పిన కొలత.

టర్కీ వేటలో ఎక్కువమంది చేతుల్లో కనిపించేది 12 గేజే. షెల్స్ ఎక్కడైనా దొరుకుతాయి, చవకవీ ఉంటాయి. చిక్కంతా షెల్ పొడవుతో వస్తుంది. ఇది రెండుముప్పావు, మూడు, మూడున్నర అంగుళాల్లో వస్తుంది. మూడున్నర అంగుళాల షెల్ 1980ల చివర్లో వచ్చింది. పెట్టె మీద "మాగ్నమ్" అని చూసి కొత్తవాళ్లు దాన్నే ఎత్తుకుంటారు. బరువైన టర్కీ లోడ్ నింపిన ఆ షెల్‌ని ఏడు పౌన్ల పంప్ తుపాకీలో పేలిస్తే, పెద్ద జంతువులకు వాడే 300 విన్ మాగ్ రైఫిల్ కంటే గట్టిగా తన్నుతుంది. ఒక్కసారి భుజం కమిలితే, రెండోసారి ట్రిగ్గర్ నొక్కే ముందే కళ్లు మూసుకుపోతాయి, తల స్టాక్ (భుజానికి ఆనించే భాగం) మీద నుంచి లేస్తుంది. గురి తప్పుతుంది, కోడి గాయంతో పారిపోతుంది. తన్నుడుకి భయపడే మనిషి చేతిలో గొట్టం ఎటు తిరుగుతుందో పక్కనున్నవాడికి కూడా తెలియదు. నా మటుకు, కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి మూడున్నర అంగుళాల షెల్ వద్దే వద్దు. 12 గేజ్ కొన్నా మూడు అంగుళాల దగ్గర ఆగిపోండి. 10 గేజ్ గురించి చెప్పేదేమీ లేదు, బరువు ఎక్కువ, షెల్స్ దొరకడం తక్కువ.

ఒకప్పుడు 20 గేజ్‌ని ఆడవాళ్లకీ పిల్లలకీ అని పక్కన పెట్టేవారు. టంగ్‌స్టన్ పెల్లెట్లు వచ్చి ఆ మాటని మార్చేశాయి. సీసం సాంద్రత ఘన సెంటీమీటరుకి 11 గ్రాముల పైచిలుకు. టీఎస్ఎస్ అని పిలిచే టంగ్‌స్టన్ పెల్లెట్లది సుమారు 18. అంత బరువైన లోహం కాబట్టి 9వ నంబరు లాంటి చిన్న పెల్లెట్ కూడా 5వ నంబరు సీసం పెల్లెట్ దిగినంత లోతుకి దిగుతుంది. పెల్లెట్ చిన్నదైతే ఒక షెల్‌లో ఎక్కువ పడతాయి. లెక్క వేస్తే విషయం తెలుస్తుంది: 12 గేజ్‌లో ఔన్సూ ముప్పావు 5వ నంబరు సీసం అంటే దాదాపు 300 పెల్లెట్లు. 20 గేజ్‌లో ఔన్సున్నర 9వ నంబరు టీఎస్ఎస్ అంటే 540 పైనే. పాయింట్ 410లో ఔన్సు కూడా లేని టీఎస్ఎస్ షెల్‌లో సైతం 290కి పైగా ఉంటాయి. ధర మాత్రం గుండె ఝల్లుమనిపిస్తుంది, ఒక్కో షెల్‌కి మంచి బిర్యానీ ప్లేటంత పోవాలి. టర్కీ వేటలో సీజన్ మొత్తం మీద పేల్చేది చాలా తక్కువ కాబట్టి తట్టుకోవచ్చు.

అందుకే మొదటి తుపాకీగా నేను 20 గేజ్ వైపే మొగ్గుతాను. ఒక పౌను అటూ ఇటూ బరువు తగ్గుతుంది, తన్నుడూ తగ్గుతుంది, చెట్టుకి ఆనుకుని మోకాలి మీద తుపాకీ పెట్టుకుని గంటసేపు కదలకుండా కూర్చోవడం తేలికవుతుంది. 28 గేజ్, పాయింట్ 410 కూడా టీఎస్ఎస్‌తో పనిచేస్తాయి గానీ, దూరం అంచనా బాగా తెలిసినవాళ్ల చేతిలోనే. వాటిల్లో మామూలు సీసం షెల్ వేసుకుని టర్కీ మీదకి వెళ్లడం ఆ పక్షిని హింసపెట్టడమే. కొన్ని రాష్ట్రాల్లో పాయింట్ 410కి అనుమతి ఉందో లేదో కూడా ముందే చూసుకోవాలి.

20 గేజ్ కొంటే ఇంట్లోకి ఒక కొత్త ప్రమాదం వస్తుంది. ఇప్పటికే 12 గేజ్ ఉన్న ఇంట్లో ఇది మరీ ఎక్కువ. ఈ వ్యాసంలో ఒక్కటే గుర్తుంచుకుంటానంటే ఇది గుర్తుంచుకోండి. 20 గేజ్ షెల్ పొరపాటున 12 గేజ్ తుపాకీలోకి వెళ్తే, చాంబర్ (షెల్ కూర్చునే చోటు) దాటి కిందికి జారి, గొట్టం సన్నబడే చోట గోళీసోడా గోళీలా ఇరుక్కుంటుంది. పైనుంచి చూస్తే చాంబర్ ఖాళీగానే కనిపిస్తుంది. ట్రిగ్గర్ నొక్కితే టక్కుమంటుంది, పేలదు. "అరె, లోడ్ చేయడం మర్చిపోయానే" అనుకుని వెనకాల 12 గేజ్ షెల్ వేసి నొక్కితే గొట్టం బద్దలవుతుంది. అది బద్దలయ్యేది సరిగ్గా ఎడమ చెయ్యి పట్టుకునే చోట. వేళ్లు పోయినవాళ్లున్నారు. 20 గేజ్ షెల్స్ పసుపు రంగులో తయారుచేసేది ఈ కారణంగానే. అయినా తెల్లవారుజాము చీకట్లో, గ్లోవ్స్ వేసుకున్న చేతికి రంగు తెలియదు. రెండు గేజ్‌లున్నవాళ్లు చొక్కాలు, బ్యాగులు కూడా విడివిడిగా పెట్టుకోవాలి. బయల్దేరే ముందు జేబులన్నీ ఖాళీ చేసి, ఆ రోజు తీసుకెళ్లే గేజ్ షెల్స్ మాత్రమే వేసుకోవాలి. ఎప్పుడైనా పేలకుండా టక్కుమంటే, గొట్టం మూతిని ఎవరూ లేని వైపు పెట్టి అరనిమిషం ఆగి, షెల్ తీసి, గొట్టం లోపల వెలుతురు కనిపిస్తోందో లేదో చూశాకే మళ్లీ లోడ్ చేయండి.

పొడవు విషయంలోనూ ఇలాంటి మోసమే ఉంది. పెట్టె మీద రాసే పొడవు పేలాక మూతి మడత విచ్చుకున్న షెల్‌ది. అందుకని మూడు అంగుళాల షెల్ రెండుముప్పావు చాంబర్‌లో కూడా చక్కగా కూర్చుంటుంది, పేలినప్పుడే మడత విచ్చుకోవడానికి చోటు ఉండదు. ఒత్తిడి విపరీతంగా పెరుగుతుంది. గొట్టం పక్కన చెక్కి ఉన్న చాంబర్ కొలత చదవండి. తాతల నాటి తుపాకీ ఎవరైనా ఇస్తే ముందు గన్‌స్మిత్‌కి చూపించండి. టర్కీ చోక్ (పెల్లెట్లు చెదరకుండా గొట్టం మూతికి బిగించే ఇరుకు గొట్టం) బిగించి ఉన్నప్పుడు స్లగ్ (ఒకే పెద్ద గుండు) గానీ బక్‌షాట్ (లావు గుండ్లు) గానీ పేల్చకూడదు. స్టీల్, టంగ్‌స్టన్ షెల్స్‌కి ఆ చోక్ పనికొస్తుందో లేదో దాన్ని తయారుచేసినవాళ్ల సూచనల్లో ఉంటుంది.

సీజన్‌కి రెండు మూడు వారాల ముందే రేంజ్‌కి వెళ్లి కాగితం మీద పేల్చి చూడాలి. గురి కుదిరేదాకా చవకైన తేలిక షెల్స్, ఆ తర్వాత అసలు షెల్ ఒకటో రెండో. వేటగాళ్ల కొలత ఇది: 40 గజాల దగ్గర 10 అంగుళాల వృత్తంలో కనీసం 100 పెల్లెట్లు పడాలి. 30 గజాల దగ్గరే ఆ లెక్క కుదిరితే మీ హద్దు 30 గజాలే, పెట్టె మీద ఏం రాసినా సరే. టర్కీ ఒళ్లంతా దట్టమైన ఈకలు, గట్టి కండ కాబట్టి గురి తలకీ మెడకీ పెట్టాలి. 10 గజాల దగ్గర కూడా ఒకసారి పేల్చి చూడండి. బిగువైన చోక్ ఉంటే అంత దగ్గరలో పెల్లెట్లన్నీ పిడికిలంత చోటులోనే పడతాయి. దగ్గరికొచ్చిన కోడి తప్పిపోవడానికి కారణం ఇదే. చెవులకి, కళ్లకి రక్షణ లేకుండా రేంజ్‌లో అడుగుపెట్టకండి, షాట్‌గన్ చప్పుడు 150 డెసిబెల్స్ దాటుతుంది.

అడవిలో మిగతా వేటలకి లేని చిక్కు ఒకటుంది. వేటగాడు తల నుంచి కాలిదాకా ఆకుల రంగు బట్టల్లో దాక్కుని ఆడకోడిలా కూస్తుంటాడు. అదే కూత విని ఇంకో వేటగాడు మెల్లగా అటే వస్తాడు. పుంజు తల ఎరుపు, తెలుపు, నీలం రంగుల్లో ఉంటుంది కాబట్టి ఆ మూడు రంగులూ మీ ఒంటి మీద ఎక్కడా కనిపించకూడదు. చేతిరుమాలు, సాక్సు, మెడలో కండువా, చివరికి చేతికి కట్టుకున్న ఎర్రదారం కూడా. గుడిలో కట్టిన దారమైతే గ్లోవ్ కింద దాచుకోండి. భుజాల కంటే వెడల్పైన చెట్టుకి వీపు ఆనించి కూర్చోండి. ఎవరైనా వస్తున్నట్టు కనిపిస్తే చెయ్యి ఊపకండి, కూత కూయకండి, గట్టిగా మనిషి గొంతుతో కేకేయండి. కూత వినపడిన వైపు పాక్కుంటూ వెళ్లడం మానుకోండి. పబ్లిక్ భూముల్లో పుంజు కూత అసలే వద్దు. నడిచేటప్పుడు నారింజ రంగు టోపీ పెట్టుకోండి, డికాయ్‌లని (ఎరగా పెట్టే కోడి బొమ్మలని), కొట్టిన కోడిని అదే రంగు సంచిలో మోయండి.

పొద కదిలిందని, ఏదో ఎర్రగా కనిపించిందని పేల్చకూడదు. వసంతంలో సాధారణంగా చట్టం ఒప్పుకునేది పుంజునో, రొమ్ము మీద గడ్డంలాంటి కుచ్చు వేలాడే కోడినో. ఆ కుచ్చు, తల పూర్తిగా కనిపించాక, వెనకాల ఏముందో చూశాకే సేఫ్టీ (ట్రిగ్గర్‌ని ఆపే మీట) తీయాలి. చిన్న పెల్లెట్లు కూడా 200 గజాలు దాటి పోగలవు. కంచె దాటేటప్పుడు, వాగు దాటేటప్పుడు షెల్స్ తీసేయండి. కోడి పడగానే పరుగెత్తేవాళ్లు సేఫ్టీ వేయడం మర్చిపోతారు. ముందు సేఫ్టీ, తర్వాత కాళ్లు.

పాములూ ఆ కాలంలోనే బయటికొస్తాయి, ఆనుకునే చెట్టు మొదలు ఓసారి చూసుకోండి. నా లెక్కలో పాము కంటే పేనంత ఉండే టిక్ (పిడుదు)తోనే ఎక్కువ పేచీ. లోన్ స్టార్ టిక్ కుట్టడం వల్ల కొందరికి మేక, గొర్రె, పంది, పశుమాంసం పడని ఆల్ఫా-గాల్ అలర్జీ వస్తుంది. మటన్ ప్రియులకి ఇది చాలా పెద్ద శిక్ష. బట్టలకి ముందురోజే పెర్మెత్రిన్ అనే పురుగుమందు కొట్టి ఆరబెట్టండి, ఒంటికి మాత్రం రాసుకోకండి. ఇంటికి రాగానే చంకలు, గజ్జలు, చెవుల వెనక వెతికి స్నానం చేయండి.

కోడి ఇంటికి వస్తే పులుసు పెట్టే ముందు మెడ వైపు మాంసాన్ని వేళ్లతో నొక్కి చూడండి. సీసం కంటికి కనిపిస్తే తీసేస్తాం గానీ 9వ నంబరు టీఎస్ఎస్ ఆవగింజ సైజులో ఉండి పోపులో కలిసిపోతుంది. ఉక్కు కంటే గట్టిది, పన్ను విరుగుతుంది. పిల్లలకి పెట్టే ముక్కలు రొమ్ము కింది భాగం నుంచి కోయండి.