మీ కిరాణా కొట్టులోనే పబ్లిక్ వైఫై పెట్టండి, ఇలా

ఊళ్లకు ఫైబర్ వేయడానికి కేంద్రం 2023 ఆగస్టులో భారత్‌నెట్‌కి 1,39,579 కోట్లు ఓకే చేసింది. మన తెలంగాణ సర్కారు టీ-ఫైబర్ కూడా 2024 డిసెంబరులో కొన్ని ఊళ్లలో నెలకు 300 రూపాయలకు 20 ఎంబీపీఎస్ స్పీడు నెట్ అంటూ మొదలైంది. చాలా మంచి పని. కానీ హైదరాబాద్‌లో బోరబండలోనో అడ్డగుట్టలోనో ఒక్క గది అద్దెకు తీసుకుని ఉండే కుటుంబానికి వాటితో ఇప్పటికిప్పుడు ఒరిగేదేం లేదు. ఇంట్లో ఉన్నదే ఒక ఫోను, రోజూ వచ్చే డేటా సాయంత్రానికే అయిపోతుంది, పిల్ల చదువుకుందామని కూర్చునేసరికి వీడియో తిరుగుతూనే ఉంటుంది. ఇలాంటి వాళ్లకు సిటీలో పనికొచ్చే సర్కారు పథకం పీఎం-వాణి, అంటే చిన్న కొట్లలో పెట్టే పబ్లిక్ వైఫై. కేబినెట్ 2020 డిసెంబరులోనే ఒప్పుకుంది, మన బస్తీల్లో మాత్రం దీని గురించి చెప్పేవాళ్లే లేరు, నా బాధంతా అదే.

మీకు కొట్టుందా? టీ బండైనా, జిరాక్స్ షాపైనా సరే. మీరు పీడీఓ, అంటే పబ్లిక్ డేటా ఆఫీస్ కావచ్చు, పాత రోజుల్లో ఎస్టీడీ బూత్ పెట్టుకున్నట్టే. లైసెన్స్ అక్కర్లేదు, టెలికాం శాఖ దగ్గర రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, ఫీజూ లేదు. ముందు పీఎం-వాణి వెబ్‌సైట్‌లో పీడీఓఏల జాబితా చూడండి. కస్టమర్ల లాగిన్, లెక్కలు చూసుకునే కంపెనీలు అవే. రెండు మూడింటికి ఫోన్ చేసి రౌటర్ ఎంత, వచ్చే డబ్బులో మీ వాటా ఎంత, అది ఎన్నాళ్లకోసారి చేతికొస్తుంది అని అడిగి, చెప్పింది కాగితం మీద రాయించుకోండి. మామూలు రౌటర్ కొనేయకండి, పీఎం-వాణికి సరిపడేదే కావాలి.

తర్వాత నెట్ లైను. అసలు గొడవ ఇక్కడే, ఎందుకంటే పీడీఓ అనగానే కొందరు నెట్ ప్రొవైడర్లు ఖరీదైన లీజ్డ్ లైన్ (ఒక్కరికే ప్రత్యేకంగా ఇచ్చే లైను) తీసుకోమనేవాళ్లు, చిన్న కొట్టువాళ్లు అక్కడే ఆగిపోయేవాళ్లు. 2025 జూన్‌లో టెలికాం కంపెనీలను నియంత్రించే ట్రాయ్ దీనికి కళ్లెం వేసింది: 200 ఎంబీపీఎస్ వరకు ఉన్న ఫైబర్ ప్లాన్‌కి, మామూలు కస్టమర్‌కి అమ్మే రేటుకు రెండింతలకు మించి పీడీఓ దగ్గర తీసుకోకూడదు. అంటే బయట 600కి అమ్మే ప్లాన్ మీకు 1200 దాటకూడదు. ఈ మాట గుర్తుపెట్టుకుని వెళ్లండి, ఎక్కువ అడిగితే ట్రాయ్ ఆర్డర్ పేరెత్తండి.

లైను ఏ స్తంభం మీదుగా వస్తుందో కూడా అడగండి. 2025 ఆగస్టులో రామంతాపూర్ కృష్ణాష్టమి ఊరేగింపులో కరెంట్ షాక్‌తో ఐదుగురు చనిపోయాక, కరెంటు స్తంభాలకు వేలాడే కేబుళ్లు కోసేశారు, సిటీలో చాలా చోట్ల నెట్ ఆగిపోయింది. ప్రాణాల విషయం కాబట్టి పర్మిషన్ ఉన్న లైనే తీసుకోండి, రెండు రోజులు ఆలస్యమైనా పర్లేదు.

రౌటర్‌ని గల్లా పక్కన, ఫ్రిజ్ వెనక పెట్టకండి. షట్టర్ దించగానే ఆ ఇనుము సిగ్నల్‌ని అడ్డుకుంటుంది, జనానికి నెట్ కావాల్సింది సరిగ్గా ఆ రాత్రి పూటే. వాన తగలని చోట, బయటి గోడకి ఎత్తుగా బిగించండి. కరెంటు పోయినా నడిచేలా ఒక చిన్న రౌటర్ యూపీఎస్ పెట్టండి.

వాడేవాళ్లకి పని తేలిక. పీఎం-వాణి యాప్ వేసుకుని, ఓటీపీతో ఒకసారి లాగిన్ అయి, మీ వైఫై ఎంచుకుని చిన్న డేటా వోచర్ కొనుక్కుంటారు. ఈ పద్ధతి ఒక కాగితం మీద తెలుగులో, ఉర్దూలో పెద్ద అక్షరాలతో రాసి షాపు ముందు అతికించండి, పెద్దవాళ్లకి మొదటిసారి దగ్గరుండి చేసి పెట్టండి. ఇంటి వైఫై పాస్‌వర్డే అందరికీ ఇచ్చి డబ్బులు తీసుకోవడం మాత్రం వద్దు. ఎవరైనా దాంతో మోసం చేస్తే పోలీసులు ముందు కనెక్షన్ ఎవరి పేరున ఉందో వాళ్ల దగ్గరికే వస్తారు. పీఎం-వాణిలో ఓటీపీ వల్ల ఎవరు వాడారో రికార్డు ఉంటుంది.

లైను పనిచేయకపోయినా, రేటు ఎక్కువ వేసినా కస్టమర్ కేర్‌లో ఫిర్యాదు చేసి డాకెట్ నంబర్, అంటే ఫిర్యాదు నంబర్ తప్పకుండా తీసుకోండి. తేలకపోతే అదే కంపెనీలో అప్పీల్ అధికారి ఉంటారు, అక్కడికి వెళ్లడానికి ఆ నంబరే ఆధారం.