అమెరికా ఫెడరల్ కాంట్రాక్టు కింద టాస్క్ ఆర్డర్ ఎలా జారీ చేస్తారు?

వర్జీనియా, మేరీలాండ్ వైపు ఫెడరల్ ప్రాజెక్టులు చేసే తెలుగువాళ్ల ఐటీ కంపెనీలు చాలానే ఉన్నాయి. అక్కడ కొత్తగా అడుగుపెట్టినవాళ్లకు ఒక విషయం అంత తొందరగా అర్థం కాదు. కాంట్రాక్టు వచ్చిందని అందరికీ స్వీట్లు పంచాక, నెలలు గడిచినా బిల్లు పెట్టడానికి పనే ఉండదు. అది ఐడీఐక్యూ (ఇండెఫినిట్ డెలివరీ, ఇండెఫినిట్ క్వాంటిటీ) రకం కాంట్రాక్టు కావడమే కారణం. ఏ రకం పనులు, ఏ రేట్లకు, మొత్తం ఎంత వరకు అన్నదే అందులో ఉంటుంది. పని, డబ్బు వచ్చేది దాని కింద విడివిడిగా ఇచ్చే ఆర్డర్లతోనే. సేవలకైతే టాస్క్ ఆర్డర్ అంటారు, వస్తువులకైతే డెలివరీ ఆర్డర్.

ఈ పద్ధతికి ఆధారం 1994 నాటి ఫెడరల్ అక్విజిషన్ స్ట్రీమ్‌లైనింగ్ యాక్ట్. వివరమైన నియమాలు అందరూ ‘ఫార్’ అని పిలిచే ఫెడరల్ అక్విజిషన్ రెగ్యులేషన్ 16వ భాగంలో ఉంటాయి. 2025 నుంచి ఫార్‌ను తిరగరాస్తున్నారు, సెక్షన్ నంబర్లు అటూఇటూ అవుతున్నాయి. అందుకే ఇక్కడ నంబర్లు ఇవ్వడం లేదు. ఆర్డర్ ఇచ్చే ఆఫీసు వైపు నుంచి వరస చెబుతాను. అవతలి టేబుల్ దగ్గర ఏం జరుగుతుందో తెలిస్తే కంపెనీవాళ్లకూ అంతే ఉపయోగం.

1. ముందు అసలు కాంట్రాక్టు చదవండి

చాలామంది పాత ఆర్డర్ ఫైల్ తెరిచి, పేర్లు, తేదీలు మార్చి మొదలుపెడతారు. అలా చేయకండి. అసలు కాంట్రాక్టులో నాలుగు సంగతులు చూసుకోవాలి. ఆర్డర్లు ఇచ్చే గడువు ఇంకా ఉందా? ఆ కాంట్రాక్టు కింద ఆర్డర్ ఇచ్చే అధికారం మీ ఆఫీసుకు ఉందా? మొత్తం సీలింగ్‌లో ఇంకా చోటుందా, ఒక్కో ఆర్డర్‌కు కనిష్ఠ, గరిష్ఠ పరిమితులు ఏమైనా పెట్టారా? ఇవి పది నిమిషాల పని.

నాలుగోది స్కోప్. దీనికి మాత్రం టైమ్ ఇవ్వాలి. మీకు కావలసిన పని ఆ కాంట్రాక్టు పరిధిలోకి వస్తుందా? జీఏఓ, అంటే గవర్నమెంట్ అకౌంటబిలిటీ ఆఫీస్, దీన్ని చూసే తీరు తేలికగానే అర్థమవుతుంది. మొదట ఆ కాంట్రాక్టు కోసం పోటీపడ్డ కంపెనీలు, ఇలాంటి ఆర్డర్ కూడా రావచ్చని అప్పటి టెండర్ చూసి ఊహించగలిగేవా? ఊహించగలిగితే పని పరిధిలో ఉన్నట్టే. ఉదాహరణకు హెల్ప్ డెస్క్, నెట్‌వర్క్ నిర్వహణ కోసం ఇచ్చిన కాంట్రాక్టు కింద భవనం వైరింగ్ మొత్తం మార్పించడం కుదరదు. ‘ఐటీ సంబంధిత ఇతర సేవలు’ అన్న ఒక్క లైన్ పట్టుకుని ఏ పనినైనా అందులోకి లాగే అలవాటు కొన్ని ఆఫీసుల్లో ఉంది. ఆ లైన్ మిమ్మల్ని కాపాడదు. పరిధి దాటిన ఆర్డర్ మీద ఎంత చిన్న మొత్తానికైనా ప్రొటెస్ట్, అంటే అధికారిక ఫిర్యాదు, వేయవచ్చు. స్కోప్ ఎందుకు సరిపోతుందో కాంట్రాక్టులోని పేరాలు చూపిస్తూ ఒక పేజీ రాసి ఫైల్‌లో పెట్టండి. ఆర్డర్ మీద ఎప్పుడు ప్రశ్న వచ్చినా ముందు వెతికే కాగితం అదే.

2. ఏం కావాలో కొలవగలిగేలా రాయండి

ఆర్డర్ బాగుపడేదీ, పాడయ్యేదీ ఇక్కడే అని నా గట్టి నమ్మకం. సేవల విషయంలో వీలైనంత వరకు పర్ఫార్మెన్స్ ఆధారంగా రాయాలని ఫార్ చెబుతుంది. అంటే ఎంతమంది మనుషులు, ఏ డిగ్రీలతో అన్నదానికన్నా ఏ ఫలితం కావాలి, అది వచ్చిందని ఎలా తెలుస్తుంది అన్నది రాయాలి.

ఈ వాక్యం చూడండి: ‘కాంట్రాక్టర్ వినియోగదారులకు తగిన సపోర్ట్ సకాలంలో అందించాలి.’ చదవడానికి బాగానే ఉంటుంది. కానీ ‘తగిన’ అంటే ఎంత? ‘సకాలం’ అంటే ఎప్పుడు? రేటు వేయాల్సిన కంపెనీకి దీంతో ఒరిగేదేమీ లేదు. ఒకరు ఆరుగురు మనుషులు చాలనుకుంటారు, ఇంకొకరు పదిహేనుమందిని పెట్టుకుంటారు, రెండు ధరలనూ పోల్చలేరు. అదే మాటను ఇలా రాయండి: ‘ఫెడరల్ పని దినాల్లో ఉదయం 7 నుంచి సాయంత్రం 7 వరకు హెల్ప్ డెస్క్ నడపాలి. నెలలో వచ్చిన కాల్స్‌లో 90 శాతం 60 సెకన్లలోపు అందుకోవాలి. మొత్తం ఆఫీస్ పని ఆగిపోయే సమస్యకు 30 నిమిషాల్లో స్పందన మొదలుకావాలి. గత ఏడాది నెలకు సగటున వచ్చిన టికెట్లు ఇన్ని.’ ఇప్పుడు ధర వేయవచ్చు, పని సరిగా జరగకపోతే వేలు పెట్టి చూపించనూ వచ్చు. ఆ చివరి లైన్‌లోని పాత లెక్కలు చాలా ఆఫీసులు ఇవ్వనే ఇవ్వవు. దయచేసి ఇవ్వండి. అవి లేకపోతే పాత కాంట్రాక్టర్ ఒక్కరికే అసలు పని భారం తెలుస్తుంది, పోటీ పేరుకే మిగులుతుంది. మీరు కంపెనీ వైపు ఉంటే, ప్రశ్నలకు ఇచ్చిన గడువులో మొట్టమొదట అడగాల్సింది ఈ లెక్కలే.

దీనితోపాటు రెండు కాగితాలు ఉండాలి. ఒకటి ప్రభుత్వం సొంతంగా వేసుకున్న ఖర్చు అంచనా, రెండోది పని నాణ్యతను ఎవరు, ఎలా చూస్తారో చెప్పే నిఘా ప్రణాళిక. అంచనా వెయ్యమని కాంట్రాక్టర్‌నే అడగడం పెద్ద తప్పు.

3. డబ్బు, ధర పద్ధతి తేల్చండి

నిధులు ఉన్నాయని ఫైనాన్స్ వాళ్లు రాతపూర్వకంగా ఖాయం చేయకుండా ఆర్డర్ ఇవ్వకూడదు. లేని డబ్బుకు మాట ఇస్తే యాంటీ డెఫిషెన్సీ యాక్ట్ ఉల్లంఘన అవుతుంది. ఫెడరల్ ఆర్థిక సంవత్సరం సెప్టెంబర్ 30తో ముగుస్తుంది కాబట్టి ఆ నెలంతా ఆఫీసుల్లో టెన్షనే. హెల్ప్ డెస్క్ లాంటి నిరంతర సేవ ఈ ఏడాదిలో మొదలై వచ్చే ఏడాదిలోకి సాగినా, 12 నెలలు దాటనంత వరకు ఈ ఏడాది నిధులతోనే పెట్టవచ్చు. సెప్టెంబర్‌లో అన్నేసి ఆర్డర్లు కనబడేది అందుకే.

ధర విషయంలో, పని స్పష్టంగా ఉంటే ఫర్మ్ ఫిక్స్‌డ్ ప్రైస్, అంటే ముందే ఖాయం చేసుకున్న ధర, మేలు. గంటల లెక్కన ఇవ్వాలంటే, వేరే ఏ పద్ధతీ సరిపోదని కాంట్రాక్టింగ్ ఆఫీసర్ (ప్రభుత్వం తరఫున కాంట్రాక్టు మీద సంతకం చేసే అధికారి) కారణాలతో రాసి పెట్టాలి.

4. అందరికీ సమాన అవకాశం ఇవ్వండి

ఒకే పనికి చాలా కంపెనీలకు కాంట్రాక్టులు ఇచ్చి ఉంటే, మైక్రో పర్చేజ్ (చాలా చిన్న కొనుగోలు) పరిమితి దాటిన ప్రతి ఆర్డర్‌కూ వాళ్లందరికీ న్యాయమైన అవకాశం ఇవ్వాలి. దీన్నే ‘ఫెయిర్ ఆపర్చునిటీ’ అంటారు. ఆ పరిమితి 2025 అక్టోబర్ 1న 10,000 డాలర్ల నుంచి 15,000కు పెరిగింది. మొత్తం పెరిగేకొద్దీ చేయాల్సినవీ పెరుగుతాయి.

సింప్లిఫైడ్ అక్విజిషన్ పరిమితి, అంటే ఇప్పుడు 3,50,000 డాలర్లు, దాటకపోతే పద్ధతి తేలిక. అందరి రేట్లు, అనుభవం మీ దగ్గర ఇప్పటికే ఉంటే ప్రతి ఒక్కరికీ మెయిల్ పెట్టాల్సిన అవసరం కూడా ఉండకపోవచ్చు. ఆ పరిమితి దాటితే మాత్రం ఆ సేవ అందించే కాంట్రాక్టు కంపెనీలన్నింటికీ నోటీసు ఇవ్వాలి. ఏం కావాలో, ఏ ప్రాతిపదికన ఎంచుకుంటారో అందులో చెప్పాలి. వచ్చిన ప్రతి ఆఫర్‌నూ న్యాయంగా చూడాలి. ఇంకా పైన, చాలాకాలం 6 మిలియన్ డాలర్లుగా ఉండి 2025 అక్టోబర్‌లో 7.5 మిలియన్లకు పెరిగిన పరిమితి ఒకటుంది. అది దాటితే జవాబుకు తగినంత సమయం ఇవ్వాలి, ఎంపిక అంశాల్లో ఏది ఎంత ముఖ్యమో ముందే చెప్పాలి, ఓడిన కంపెనీ అడిగితే ఎందుకు ఓడిందో వివరించాలి.

ఆర్డర్లను వంతులవారీగా పంచడం, ఒకరిని ముందే ‘మన కంపెనీ’ అనుకుని మిగతావాళ్లను లెక్కకోసం పిలవడం నిషిద్ధం. శుక్రవారం సాయంత్రం నలభై పేజీల టెండర్ పంపి సోమవారం మధ్యాహ్నానికి జవాబు అడిగినా ఫలితం అలాంటిదే. ఆ వ్యవధిలో రాయగలిగేది పాత కాంట్రాక్టరే. చిన్న కంపెనీ ఒక ప్రపోజల్ కోసం తన మంచి ఇంజనీర్లను బిల్ అయ్యే పని నుంచి పక్కకు తీస్తుంది, రాత్రుళ్లు కూర్చోబెడుతుంది. ఆ శ్రమకు నిజమైన అవకాశం ఇవ్వడం ప్రభుత్వం బాధ్యత.

పోటీ లేకుండా ఇవ్వగల సందర్భాలూ ఉన్నాయి. ఆలస్యమైతే భరించలేనంత అత్యవసరం, ఆ నాణ్యతతో చేయగలిగేది ఒక్కరే కావడం, ముందు ఆర్డర్‌కు సహజమైన కొనసాగింపు, కాంట్రాక్టులో హామీ ఇచ్చిన కనీస మొత్తం తీర్చడం. ఇవి కాక, చట్టమే ఒకరికి ఇవ్వమన్న సందర్భాలు, చిన్న కంపెనీలకు కేటాయించడం కూడా ఉన్నాయి. కొనసాగింపు అనే మినహాయింపు వాడాలంటే మొదటి ఆర్డర్‌కు అందరికీ అవకాశం ఇచ్చి ఉండాలి. ఇది మరిచిపోయి చాలామంది ఇరుక్కుంటారు. మన ప్లానింగ్ లోపం వల్ల పుట్టిన తొందరను అత్యవసరంగా రాసుకున్నా ఫైల్ నిలబడదు. పెద్ద మొత్తాలకు ఈ కారణాలను రాసి, పై అధికారుల ఆమోదం తీసుకుని, మామూలుగా ఆర్డర్ ఇచ్చిన 14 రోజుల్లోపు బహిరంగంగా పెట్టాలి.

జీఎస్ఏ (జనరల్ సర్వీసెస్ అడ్మినిస్ట్రేషన్) అన్ని శాఖల కోసం ముందే కుదిర్చి పెట్టిన షెడ్యూల్ కాంట్రాక్టుల కింద ఇచ్చే ఆర్డర్లకు నియమాలు వేరు. రెండిటినీ కలపకండి.

5. ఎంపిక చేసి, కారణం రాయండి

పెద్ద టెండర్‌లో లాగా భారీ తతంగం ఇక్కడ అక్కర్లేదు. మౌఖిక ప్రజెంటేషన్ చాలనుకుంటే అదీ సరే. ధరను మాత్రం ప్రతి ఆర్డర్‌లోనూ చూడాల్సిందే, ఇదే కాంట్రాక్టు కింద గతంలో ఎలా పనిచేశారన్నది కూడా లెక్కలోకి రావాలి. నోటీసులో చెప్పిన అంశాలతోనే తూకం వేయాలి, మధ్యలో కొత్తది చేర్చకూడదు.

తక్కువ ధర వదిలి ఎక్కువ ధరవాళ్లను ఎంచుకుంటే, ఆ అదనపు డబ్బుకు ప్రభుత్వానికి ఏం దక్కుతుందో విడమరిచి రాయండి. ‘టెక్నికల్‌గా మెరుగ్గా ఉంది’ అంటే చాలదు. ‘డేటా మార్పిడి సమయంలో పాత సిస్టమ్‌ను కూడా నడుపుతూ ఉంచే ప్రణాళిక వీళ్లొక్కరే ఇచ్చారు, దానివల్ల సేవ ఆగిపోయే ప్రమాదం తగ్గుతుంది’ అని రాయాలి.

6. ఆర్డర్ జారీ చేయండి

ఇక్కడి నుంచి పని చకచకా సాగుతుంది. ఆర్డర్‌లో తేదీ, కాంట్రాక్టు నంబర్, ఆర్డర్ నంబర్, పని వివరం, ధర, పని చేసే స్థలం, కాలవ్యవధి, నిధుల అకౌంటింగ్ కోడ్, చెల్లింపు ఆఫీసు వివరాలు ఉండాలి. రక్షణ శాఖలో డీడీ 1155 ఫారం, పౌర శాఖల్లో ఓఎఫ్ 347 తరచూ వాడతారు. ప్రభుత్వంతో వ్యాపారం చేసే కంపెనీలు నమోదయ్యే సామ్ డాట్ గవ్ సైట్‌లో కంపెనీ రిజిస్ట్రేషన్ ఆ రోజుకు చెల్లుబాటులో ఉందో లేదో చూడండి. సంతకం వారెంట్ (రాతపూర్వక అధికార పత్రం) ఉన్న కాంట్రాక్టింగ్ ఆఫీసర్‌దే కావాలి.

ఈ చివరి మాట కంపెనీవాళ్లు గుండెల మీద రాసుకోవాలి. ప్రోగ్రాం మేనేజర్ ఎంత పెద్ద హోదాలో ఉన్నా, సీఓఆర్ (పనిని దగ్గరుండి చూసే కాంట్రాక్టింగ్ ఆఫీసర్ ప్రతినిధి) ఎంత మంచివాడైనా, ‘పేపర్లు వచ్చేస్తాయి, మీరు మొదలుపెట్టండి’ అంటే అది ఆర్డర్ కాదు. అలా మొదలుపెట్టి జీతాలు సొంత జేబులోంచి ఇచ్చిన చిన్న కంపెనీకి ఆ డబ్బు వస్తుందన్న హామీ లేదు. తర్వాత ఆమోదం తెచ్చుకునే దారి ఒకటుంది కానీ, అది పొడవైనది, ఫలితం ప్రభుత్వం చేతిలో ఉంటుంది. మర్యాదగా ఒక మెయిల్ పెట్టండి: ‘మేం సిద్ధంగా ఉన్నామండీ, కాంట్రాక్టింగ్ ఆఫీసర్ నుంచి ఆర్డర్ రాగానే మొదలుపెడతాం.’ దీనికి ఎవరూ తప్పుపట్టరు. సబ్‌కాంట్రాక్టర్లుగా ఉన్నవాళ్లకూ ఇదే వర్తిస్తుంది, ప్రైమ్, అంటే ప్రధాన కాంట్రాక్టర్, సంతకం చేసిన ఒప్పందం చేతికి వచ్చాకే మనుషుల్ని పంపాలి.

7. ఓడినవాళ్లకు జవాబు ఇవ్వండి

పైన చెప్పిన 7.5 మిలియన్ల పరిమితి దాటిన ఆర్డర్‌లో, ఫలితం తెలిసిన మూడు రోజుల్లోపు రాసి అడిగితే డీబ్రీఫింగ్, అంటే ఎందుకు ఓడారో వివరణ, ఇవ్వాలి. కంపెనీలు దీన్ని తప్పక అడగాలి. గొడవ పెట్టుకోవడానికని కాదు, తర్వాతి ప్రపోజల్ కోసం. ఆఫీసువాళ్లు కూడా దాపరికం లేకుండా చెబితే చాలా ప్రొటెస్టులు అక్కడే ఆగిపోతాయి.

ప్రొటెస్ట్ వేయాలంటే ఆర్డర్ విలువ ఎంతన్నది ముఖ్యం. చాలా పౌర శాఖల ఆర్డర్లకు 10 మిలియన్ డాలర్లు దాటితేనే జీఏఓకు వెళ్లవచ్చు. రక్షణ శాఖలో ఆ గీత 25 మిలియన్లు ఉండేది, 2025 సంవత్సరపు రక్షణ చట్టంతో 35 మిలియన్లు అయింది. ఆర్డర్ కాంట్రాక్టు పరిధిని, గడువును లేదా గరిష్ఠ విలువను దాటించిందన్న ఫిర్యాదుకు ఈ గీత వర్తించదు. జీఏఓ 100 రోజుల్లో నిర్ణయం చెబుతుంది. చిన్న ఆర్డర్‌లో అన్యాయం జరిగిందనిపిస్తే ప్రతి సంస్థలోనూ టాస్క్ ఆర్డర్ అంబుడ్స్‌మన్ ఉంటారు. కాంట్రాక్టింగ్ ఆఫీసర్‌తో సంబంధం లేని సీనియర్ అధికారి ఆయన. ఈ తలుపు తట్టే హక్కు తమకుందని చాలా చిన్న కంపెనీలకు తెలియదు.

8. పని మొదలయ్యాక

మొదటి వారంలో అందరూ కూర్చుని, ఎవరు ఏది ఆమోదిస్తారో తేల్చుకోండి. పనిలో మార్పు కావాలంటే కాంట్రాక్టింగ్ ఆఫీసర్ సంతకంతో మాడిఫికేషన్ రావాలి. సీఓఆర్ నోటిమాట చాలదు. ఆర్డర్ ఇచ్చే గడువు ముగిసినా, అప్పటికే జారీ అయిన ఆర్డర్ కాంట్రాక్టులో రాసిన తేదీ వరకు నడుస్తుంది. పని తీరు మీద సీపార్స్‌లో (కాంట్రాక్టర్ల పనితీరును నమోదు చేసే ప్రభుత్వ సిస్టమ్) రేటింగ్ వచ్చినప్పుడు, ఒప్పుకోకపోతే మొదటి 14 రోజుల్లోపే మీ వ్యాఖ్య ఆధారాలతో పెట్టండి. తర్వాతి ఆర్డర్ ఇచ్చే అధికారి మీ రేటింగ్‌తో పాటు ఆ వ్యాఖ్యనూ చదువుతారు. పని పూర్తయ్యాక చివరి ఇన్‌వాయిస్ ఆలస్యం చేయకుండా పంపితే, మిగిలిన నిధులను వెనక్కి తీసుకుని ఆఫీసు ఫైల్ మూసేస్తుంది.