రోహిణి కార్తెలో కాంట్రాస్ట్ మామోగ్రామ్‌కి వెళ్తుంటే

పోయిన మే నెలాఖరులో మా పిన్నిని తెనాలి నుంచి గుంటూరు కొత్తపేటకి కాంట్రాస్ట్ మామోగ్రామ్‌కి, అంటే మందు ఎక్కించి తీసే రొమ్ము ఎక్స్‌రేకి, తీసుకెళ్లాను. లోపలికి పిలవగానే అక్కడి అమ్మాయి అడిగిన మొదటి మాట: "చంకల్లో పౌడరు రాసుకున్నారామ్మా?" రాసుకుంది. ఆ ఎండలో చెమటకాయలకి పౌడరు రాసుకోనిదెవరు! ఆ రేణువులు ఫిల్ములో తెల్లటి చుక్కలుగా పడి, రొమ్ములో చేరిన కాల్షియంలా కనిపిస్తాయట. తడిగుడ్డతో తుడుచుకుని మళ్లీ వరసలో కూర్చున్నాం. కాబట్టి ఆ రోజు పౌడరు, స్ప్రే రెండూ వద్దు. మెడలో గొలుసులు కూడా ఇంట్లోనే తీసేసి వెళ్లండి.

ఈ పరీక్షలో చేతి నరానికి అయోడిన్ మందు ఎక్కించి, రెండు నిమిషాలాగి ఫొటోలు తీస్తారు. గడ్డకి రక్తం ఎక్కువగా చేరుతుంది కాబట్టి మందు అక్కడ వెలుగుతుంది. రొమ్ము కణజాలం దట్టంగా ఉండి మామూలు మామోగ్రామ్‌లో అంతా తెల్లగా కనిపించేవాళ్లకి ఇది బాగా పనికొస్తుంది.

ఆ మందు కిడ్నీల గుండానే బయటికి పోవాలి. అసలు జాగ్రత్త ఇక్కడే. ముందే క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు తెలిపే రక్తపరీక్ష) చూపించుకోండి. ఖాళీ కడుపుతో రమ్మన్నారని నీళ్లు కూడా మానేసి, నోరెండిపోయి బస్సెక్కేవాళ్లున్నారు. నీళ్లు తాగొచ్చో లేదో ఫోన్ చేసి అడగండి. ముందు రోజైతే నీళ్లు, మజ్జిగ గట్టిగా తాగాలి. షుగరుకి మెట్‌ఫార్మిన్ వేసుకునేవాళ్లు ఆ మాట చెప్పాలి. కిడ్నీలు బాగా బలహీనంగా ఉంటే పరీక్ష తర్వాత 48 గంటలు ఆపమంటారు, మీ అంతట మీరు ఆపకండి.

ఇదివరకు సీటీ స్కాన్ మందుకి దద్దుర్లొచ్చినా, ఆస్తమా, థైరాయిడ్ ఉన్నా, గర్భం అనుమానమున్నా దాచొద్దు. రొయ్యలు పడవని మా పిన్ని భయపడింది గానీ, దానికీ ఈ అయోడిన్‌కీ సంబంధం లేదన్నారు. నెలసరి వచ్చేవాళ్లకి 7 నుంచి 14వ రోజు మధ్య అయితే మేలు, నొప్పి తక్కువ, ఫొటో శుభ్రంగా వస్తుంది.

మందు ఎక్కేటప్పుడు ఒళ్లంతా వేడెక్కుతుంది, నోట్లో ఇనుము రుచి తగులుతుంది. అది మామూలే. సూది దగ్గర మండినా, వాచినా మాత్రం వెంటనే చెప్పాలి. అయిపోయాక అరగంట అక్కడే కూర్చోండి. దద్దుర్లూ ఆయాసమూ బస్సులో వస్తే కష్టం.

వెలిగిన మచ్చ ప్రతిదీ క్యాన్సర్ కాదు, ఫైబ్రోఅడినోమా అనే క్యాన్సర్ కాని గడ్డ కూడా వెలుగుతుంది. తేల్చేది బయాప్సీ, అంటే చిన్న ముక్క తీసి చేసే పరీక్ష. పాత ఫిల్ములుంటే పట్టుకెళ్లండి. పిన్నివి బీరువాలో పట్టుచీరల కింద దొరికాయి, ఇప్పుడు కనిపించిన మచ్చ మూడేళ్ల క్రితం కూడా అంతే ఉందని డాక్టరుగారు వాటిలోనే చూపించారు.