చంద్రగిరి దాకా గుంపుగా: ఆదివారం పొద్దుటి సైకిల్ రైడ్

గుంపులో అందరికన్నా నెమ్మదిగా తొక్కేవాళ్ల వేగమే గుంపు వేగం. ఈ ఒక్కమాట ఒప్పుకోకుండా బయల్దేరితే తిరుగు దారిలో తొండవాడ చేరేసరికి ఒక గుంపు మూడవుతుంది. అందుకే ముందురోజు రాత్రే వాట్సాప్‌లో రూటు, వేగం, ఎక్కడెక్కడ ఆగేదీ రాసిపెట్టండి. కొత్తవాళ్లుంటే గంటకి 18 నుంచి 20 కిలోమీటర్లు చాలు. ఆరుగురు, ఎనిమిది మంది అయితే సుఖం. పది దాటితే రెండు జట్లు చేసి, ఐదు నిమిషాల ఎడంతో వదలండి. పొడుగాటి వరసను బస్సు డ్రైవరు దాటలేక, మధ్యలో దూరడానికి చూస్తాడు.

తిరుపతిలో మొదటి రైడ్‌కి మంచి దారి ఇది: కపిలతీర్థం దగ్గర కలిసి, అలిపిరి, జూపార్కు, చెర్లోపల్లి మీదుగా శ్రీనివాసమంగాపురం, అక్కణ్ణుంచి చంద్రగిరి కోట, తిరుగు దారిలో తొండవాడ. మొత్తం సుమారు 30 కిలోమీటర్లు. ఆగే టైము కలుపుకుని రెండున్నర గంటలు పెట్టుకోండి. వేసవిలో ఐదున్నరకి, డిసెంబరు, జనవరిలో ఆరుంపావుకి కదలండి. జూపార్కు వైపు రోడ్డు అడవి అంచునే పోతుంది, చిరుత కనిపించిందన్న వార్తలు అప్పుడప్పుడూ వస్తుంటాయి కాబట్టి చీకట్లో ఆ ముక్క తొక్కకండి. తిరుమలకి నడిచి ఎక్కే శ్రీవారిమెట్టుకి పోయే ఆటోలు, జీపులు పొద్దున్నే మంగాపురం వైపు బారులు తీరతాయి. చెర్లోపల్లి దాటాక ఒంటి వరసే.

తిరుమల ఘాట్ ఎక్కుదామని ఎవరో ఒకరు అంటారు. గుంపు రైడ్‌కి అది పనికిరాదు. 1974లో వేసిన రెండో ఘాట్‌లో ఎక్కే బండ్లు, 1944 నాటి మొదటి ఘాట్‌లో దిగే బండ్లు ఆగకుండా నడుస్తూనే ఉంటాయి. వెనకబడినవాళ్ల కోసం పక్కకి తీసి నిలబడే జాగా వెతుక్కోవాలి. భాకరాపేట ఘాట్ కూడా నాలుగైదు రైడ్లు కలిసి చేశాకే.

గాలి శనివారం రాత్రి కాదు, పొద్దున బయల్దేరేముందు కొట్టండి. సన్న టైర్లలో ఒక్క రాత్రికే కొంత దిగిపోతుంది. 70 కిలోల మనిషికి 25 మిల్లీమీటర్ల వెడల్పు టైరైతే గాలి 85 పీఎస్ఐ, 28 అయితే 75, హైబ్రిడ్ సైకిళ్ల 38 టైరైతే 50 దగ్గర పెట్టుకుని, బరువును బట్టి ఐదు అటూ ఇటూ చేసుకోండి. రోడ్డు సైకిళ్లకి ఉండే సన్నపాటి ప్రెస్టా వాల్వుకి మన పంక్చర్ షాపుల్లో గాలిగొట్టం పట్టదు. చిన్న ఇత్తడి అడాప్టర్ ఒకటి వాల్వుకే బిగించి ఉంచుకోండి. బ్రేకు నొక్కితే లివరు హ్యాండిల్‌ని తాకకూడదు. రెండు చక్రాల యాక్సిల్ బిగింపు ఒకసారి చేత్తో చూడండి.

ప్రతి ఒక్కరి దగ్గరా తన టైరు సైజు ట్యూబు ఒకటి, టైరు ఊడదీసే లివర్లు రెండు ఉండాలి. పంపు, 4, 5, 6 మిల్లీమీటర్ల అలెన్ కీలు, తెగిన చైన్‌ని కలిపే క్విక్ లింకు గుంపుకి ఒక సెట్టు చాలు, కానీ ఆ సెట్టు చివరి మనిషి దగ్గరే ఉండాలి. పంపున్నవాడు ముందు దూసుకుపోతే వెనక పంక్చరైనవాళ్లకి దిక్కెవరు?

చివరి మనిషిగా బాగా తొక్కగలిగినవాళ్లనే పెట్టండి. వాళ్ల వెనక ఎవరూ ఉండకూడదు. ముందు తొక్కేవాళ్లు రెండు మూడు నిమిషాలకొకసారి మారాలి: భుజం మీదుగా వెనక్కి చూసి, పక్కకి జరిగి, వేగం కొంచెం తగ్గించి, వరస దాటాక చివరి మనిషికి ముందు చేరాలి. కొత్తగా ముందుకొచ్చినవాళ్లు హుషారులో వేగం పెంచేస్తారు, గుంపు తెగేది సరిగ్గా అక్కడే.

ముందున్నవాళ్ల వెనక చక్రానికీ మీ ముందు చక్రానికీ మధ్య మొదట్లో ఒక సైకిల్ పొడవు వదలండి. అలవాటయ్యాక సగానికి తగ్గించవచ్చు. మీ ముందు చక్రం ఎదుటివాళ్ల వెనక చక్రం పక్కకి మాత్రం ఎప్పుడూ పోనివ్వకండి. వాళ్లు గుంత తప్పించడానికి జానెడు జరిగినా రెండు చక్రాలూ రాసుకుంటాయి. పడేది ముందున్నవాళ్లు కాదు, మీరు. మీ హ్యాండిల్ తిప్పే వీలు పోతుంది కాబట్టి.

కేకలు నాలుగే పెట్టుకోండి: "గుంత", "బండి" (వెనక నుంచి వస్తుంటే), "ఆగుతున్నాం", "కుక్క". ముందువాళ్లు అరిచింది వెనకవాళ్లు మళ్లీ అరవాలి, చివరిదాకా చేరాలి. కుక్క వెంటపడితే కాలు జాడించకండి, పక్కకి కోసుకుపోకండి. ఒకే గీతలో పోతూ గట్టిగా అదిలిస్తే చాలావరకు ఆగిపోతుంది.

ఇక పంక్చర్. ఈ దారుల్లో ఎక్కువగా గుచ్చుకునేవి సర్కారుతుమ్మ ముళ్లు, పల్లేరుకాయలు. అంచు మట్టిలోకి దిగితే తెచ్చుకున్నట్టే. వెనక చక్రమైతే గేరు అన్నిటికన్నా చిన్న పళ్లచక్రానికి మార్చి, తర్వాత చక్రం తీయండి, చైన్ తేలిగ్గా వదులుతుంది. టైరు ఒకవైపే ఊడదీసి ట్యూబు లాగండి. కొత్తది తొడిగే తొందర వద్దు, ముందు ముల్లు దొరకాలి. పాత ట్యూబుకి గాలి కొట్టి బుస్సుమనే చోటు పట్టుకుని, దాన్ని టైరు పక్కన పెట్టి చూస్తే ముల్లు ఎక్కడుందో తెలుస్తుంది. టైరు లోపల వేళ్లతో కాక గుడ్డతో తుడవండి, గుడ్డ తగులుకున్నచోట ముల్లుంటుంది. పక్కపక్కనే రెండు చిల్లులుంటే ముల్లు కోసం వెతకనక్కర్లేదు. గాలి తక్కువై, గుంతలో రిమ్ముకీ నేలకీ మధ్య ట్యూబు నలిగిందన్నమాట.

కొత్త ట్యూబుకి గుండ్రంగా నిలిచేంత గాలి పట్టించి లోపల పెట్టండి. టైరు అంచు ఎక్కించడం వాల్వుకి ఎదురుగా మొదలుపెట్టి వాల్వు దగ్గర ముగించండి. ఆఖరి జానెడు బొటనవేళ్లతోనే తొయ్యాలి, లివరు వాడితే కొత్త ట్యూబూ కోసుకుపోతుంది. గాలి నింపేముందు వాల్వు లోపలికోసారి నొక్కి, రెండు వైపులా ట్యూబు టైరు అంచు కింద చిక్కలేదని చుట్టూ చూడండి. పది నిమిషాల పని. మిగిలినవాళ్లు అంతసేపూ రోడ్డు మీద కాకుండా పక్కకి దిగి నిలబడాలి.

నీళ్లు గంటకి అర లీటరు, ఏప్రిల్, మేలో ముప్పావు లీటరు. ఓఆర్ఎస్ లీటరు ప్యాకెట్టును లీటరు నీళ్లలోనే కలపాలి. ముప్పావు లీటరు సీసాలో మొత్తం ఒంపేస్తే చిక్కనై కడుపులో తిప్పుతుంది. కదిలేముందు ఒక అరటిపండు, చంద్రగిరి కోట ముందు ఇంకొకటి. ఆ వేళకి కోట టికెట్లు ఇవ్వరు, బయటి గోడలు చూసి తిరగడమే. నెయ్యి పొంగలి, వడ మాత్రం తిరుపతి చేరాకే. మధ్యలో తింటే తొండవాడ నుంచి కాళ్లు కదలవు.

ఇంటికొచ్చాక చిల్లుపడ్డ ట్యూబుకి ఆ సాయంత్రమే ప్యాచ్ వేసి, ఒక రాత్రి గాలి నింపి ఉంచి చూసి, తర్వాత సంచిలో పెట్టండి. మర్చిపోతే వచ్చే ఆదివారం రోడ్డు పక్కన కూర్చుని చిల్లు ట్యూబు తీసి చిల్లు ట్యూబే వేస్తారు.