గల్ఫ్‌లో మనవాళ్ళు ఇరుక్కుంటే స్టేషన్‌లో ఏం రాయించాలి

రాజోలు, మలికిపురం, నరసాపురం, పాలకొల్లు సైడ్ ఏ వీధికెళ్ళినా ఒకళ్ళైనా గల్ఫ్‌లో ఉంటారు కదండీ, ఎక్కువగా ఇంటిపనికి వెళ్ళిన ఆడవాళ్ళే. వాళ్ళలో ఎవరో ఒకళ్ళు ఇరుక్కుంటారు, పాస్‌పోర్ట్ కఫీల్ (వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న అక్కడి యజమాని) లాగేసుకున్నాడు, జీతం లేదు, ఫోన్ ఇవ్వరు, రాత్రి బాత్రూంలో దాక్కుని ఏడుస్తూ వాయిస్ మెసేజ్ పెడతారు. ఇంట్లోవాళ్ళు ఫస్ట్ చేసేది ఏజెంట్ ఇంటిమీదకెళ్ళి గొడవ, తర్వాత పెద్దమనుషుల్లో పెట్టడం. మా పిన్ని విషయంలో మేమూ అదే చేసేం, ఆ పంచాయితీలో ఏజెంట్‌కి కుర్చీ వేసి టీ కూడా ఇచ్చేరు, నెలన్నర అలాగే పోయింది.

తర్వాత స్టేషన్‌కెళ్ళి ఏం రాసిచ్చేమంటే పేజీ నిండా డబ్బు గురించే, ఇంత తీసుకున్నాడు మోసం చేసేడు మా డబ్బు మాకిప్పించండి అని. దాంతో అది చీటింగ్ కేసు అయి కూర్చుంది. అసలు తప్పు అక్కడే జరిగిందండి. డబ్బు పోయిన కేసుకీ మనిషిని రవాణా చేసిన కేసుకీ చాలా తేడా ఉంది, ఉచిత లాయరు, నష్టపరిహారం, షెల్టర్ ఇవన్నీ అడగడానికి గట్టి పట్టు దొరికేది రెండోదానిలోనే.

కాబట్టి కంప్లయింట్‌లో డబ్బు మాట ఒక్క లైన్‌లో రాసి మిగతాది వరసగా ఇలా రాయండి: ఎవరొచ్చి అడిగేరు, ఏం పని అని చెప్పేరు, జీతం ఎంతన్నారు, ఏ వీసా మీద పంపేరు, ఎవరు ఎక్కడ దింపేరు, అక్కడికెళ్ళేక ఎవరికి అప్పజెప్పేరు, ఇప్పుడు ఏం చేయిస్తున్నారు, బయటికి పోనిస్తున్నారా, కొడుతున్నారా. ఆశపెట్టి గానీ అబద్ధం చెప్పి గానీ బెదిరించి గానీ మనిషిని దోపిడీ కోసం చేర్చుకోవడం, తరలించడం, దాచడం, అప్పగించడం, తీసుకోవడం ఇవన్నీ భారతీయ న్యాయ సంహిత 143 కిందకొస్తాయి. కనీసం 7 ఏళ్ళు, 10 దాకా శిక్ష, ఒకరికంటే ఎక్కువమందిని పంపితే 10 ఏళ్ళ నుంచి యావజ్జీవం, మైనర్ ఒక్కరైనా అంతే. 2024 జులై 1 కంటే ముందు జరిగిందైతే పాత ఐపీసీ 370 అని రాయాలి.

స్టేషన్‌లో మీకు మూడు మాటలు వినపడతాయి. ఒకటి, ఆవిడ ఇష్టపడే వెళ్ళింది కదమ్మా, సంతకం పెట్టింది కదా అంటారు. ఆ సెక్షన్‌లోనే ఉంది, బాధితురాలి ఒప్పుకోలుతో సంబంధం లేదని, అది చూపించండి. రెండోది, కువైట్‌లో జరిగినదానికి మేమేం చేస్తాం అని. చేర్చుకున్నది ఇక్కడ, మన ఊళ్ళో, నేరం మొదలైంది ఇక్కడే. మూడోది మా పరిధి కాదు అని, అలాంటప్పుడు జీరో ఎఫ్ఐఆర్ అడగండి, ఏ స్టేషన్‌లోనైనా తీసుకోవాలి, కాపీ ఫ్రీగా ఇవ్వాలి. అసలే తీసుకోకపోతే అదే కంప్లయింట్ ఎస్పీకి రిజిస్టర్ పోస్ట్‌లో పంపండి, సోమవారం గ్రీవెన్స్‌లో కూడా ఇవ్వండి, ఆ రసీదు దాచండి, తర్వాత మేజిస్ట్రేట్ దగ్గరికెళ్ళాలంటే అదే ఆధారం.

టెన్త్ పాసవని ఆడవాళ్ళు ఇంటిపనికి గల్ఫ్ వెళ్ళాలంటే 30 ఏళ్ళు నిండాలి, 2016 నుంచి వాళ్ళని ప్రభుత్వ సంస్థల ద్వారానే పంపాలి, ప్రైవేట్ ఏజెంట్లు పంపకూడదు. అందుకే మన ఏజెంట్లు విజిట్ వీసా కొట్టి పంపేస్తారు. ఆ విజిట్ వీసా కాగితమే మీకు పెద్ద సాక్ష్యం, ఏజెంట్ వాట్సాప్ చాట్, ఫోన్‌పే స్క్రీన్‌షాట్లు, టికెట్ అన్నీ ఒక కవర్లో పెట్టండి. ఆవిడ ఫొటో మాత్రం ఊరి గ్రూపుల్లో తిప్పకండి, వచ్చేక బతకాల్సింది ఇదే ఊళ్ళో.

కేసు ఒకపక్క నడుస్తుండగానే మనిషిని తెప్పించే పని వేరేగా చెయ్యాలి. విదేశాంగ శాఖ మదద్ పోర్టల్‌లో గ్రీవెన్స్ పెట్టండి, టోల్ ఫ్రీ 1800113090. ఆవిడ ఎలాగోలా ఎంబసీకి చేరగలిగితే అక్కడ షెల్టర్ దొరకచ్చు, అవుట్‌పాస్ (పాస్‌పోర్ట్ లేనివాళ్ళు ఇంటికి రావడానికి ఇచ్చే కాగితం) ఇస్తారు, టికెట్‌కి డబ్బుల్లేనివాళ్ళకి వాళ్ళ వెల్ఫేర్ ఫండ్ ఉంది. కంబోడియా, మయన్మార్‌లో డేటా ఎంట్రీ ఉద్యోగమని తీసుకెళ్ళి సైబర్ మోసాలు చేయిస్తున్నారే, ఆ కుర్రాళ్ళకీ ఇదే దారి. వాళ్ళు నేరం చేసేరు కదా అని ఇంట్లోవాళ్ళు భయపడి నోరు మూసుకోకూడదు, బలవంతంగా చేయించేరని ముందే రాయించాలి.

లాయరుకి డబ్బు పెట్టకండి. 1987 లీగల్ సర్వీసెస్ చట్టం సెక్షన్ 12 ప్రకారం అక్రమ రవాణా బాధితులకి ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయ సహాయం వస్తుంది, నంబర్ 15100. ఇంకో తిరకాసు ఉంది, 2022లో జిల్లాలు విడిపోయేయి గానీ ఈ ఉచిత లాయరుని ఇచ్చే జిల్లా న్యాయసేవాధికార సంస్థలు పాతవే, కోనసీమవాళ్ళు రాజమండ్రి, భీమవరం నరసాపురంవాళ్ళు ఏలూరు చూసుకోవాలి. మీ దగ్గర్లో కోర్టు ఉంటే అక్కడ మండల న్యాయసేవా కమిటీలో అప్లికేషన్ ఇస్తే సరిపోతుంది. నష్టపరిహారానికీ అక్కడే, భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (పాత సీఆర్‌పీసీ బదులు వచ్చిన చట్టం) 396 కింద. ఏజెంట్ పారిపోయినా, ఎవరో తెలియకపోయినా అప్లై చేసుకోవచ్చు, విచారణ రెండు నెలల్లో ముగించాలని ఉంది. మేమైతే ఈ సెక్షన్ సంగతి తెలియక కేసు తేలేదాకా కూర్చున్నాం.

ఊళ్ళోనే చేపల చెరువుల మీదా ఇటుక బట్టీల్లోనూ అడ్వాన్స్ ఇచ్చి కట్టిపడేసిన కుటుంబాలుంటే అది 1976 వెట్టిచాకిరీ చట్టం, ఆర్డీఓకి రాసివ్వాలి. వెంటనే 30 వేల దాకా సాయం, తర్వాత మనిషిని బట్టి 1 నుంచి 3 లక్షలు. పిల్లలైతే 1098, ఆడవాళ్ళకి 181, ఇప్పుడే ప్రమాదం ఉంటే 112.

ఆవిడ ఇంటికొచ్చిన రోజు హడావిడిలో బ్యాగులు సర్దేస్తారు, బోర్డింగ్ పాస్, అవుట్‌పాస్, అక్కడి అకామా (నివాస అనుమతి కార్డు) జిరాక్స్ ఉంటే అదీ, ముందు ఆ కవర్లో పడెయ్యండి. ఒంటిమీద దెబ్బలుంటే గవర్నమెంట్ ఆస్పత్రిలో ఆ వారంలోనే చూపించి కాగితం తీసుకోండి, నెల దాటితే మచ్చ తప్ప ఏం మిగలదు.