కమాన్లు లెక్కపెట్టకండి, కళ్లు సగం మూయండి

ఆయిల్ పెయింటింగ్ నేర్చుకోవడానికి ఇంప్రెషనిస్టుల (గీతల కన్నా వెలుగునీ రంగునీ పట్టుకున్న ఫ్రెంచి చిత్రకారుల) బొమ్మ కాపీ చేద్దామనుకుంటున్నారా? ముందు స్కేలు దాచేయండి. వాళ్లలో ఒకడైన మోనే 1892, 1893లో ఫ్రాన్స్‌లోని రువాన్ ఊరు వెళ్లి అక్కడి పాత చర్చిని ముప్పైకి పైగా కాన్వాసుల మీద వేశాడు. వాటిలో ఒకదాన్ని తీసుకుని నేను ప్రతి కమానూ పెన్సిల్‌తో గీశాను. చివరికి కిరాణా కొట్టు క్యాలెండర్‌లా తయారైంది.

కళ్లు సగం మూసి చూడండి. చెక్కడాలన్నీ కరిగిపోయి నాలుగైదు రంగు మచ్చలు మిగులుతాయి. ముందు వాటినే వెడల్పాటి బ్రష్‌తో, టర్పెంటైన్ కలిపిన పల్చటి రంగుతో వేయండి. కిటికీలు చివర్లో చూసుకోవచ్చు, అసలు వేయకపోయినా పరవాలేదు.

నీడకి నల్ల ట్యూబు ముట్టుకోకండి. అల్ట్రామెరైన్ నీలం, బర్న్‌ట్ సియెన్నా అనే ఎర్ర గోధుమ రంగు కలపండి, చిక్కటి నీడ వస్తుంది. నీలం పెంచితే చల్లగా, సియెన్నా పెంచితే వెచ్చగా ఉంటుంది. నమ్మకం కుదరకపోతే ఓ సాయంత్రం ద్రాక్షారామం వెళ్లి ప్రాకారం గోడ నీడలోకి కాసేపు చూడండి. ప్రసాదం ఎలాగూ దొరుకుతుంది.

ఇంకోటి, మన కోనసీమ ముసురు. ఆయిల్ రంగుల్లో ఉండే అవిసె నూనె నీళ్లలా ఆవిరై ఆరదు, గాలిలోని ఆక్సిజన్‌ని పట్టుకుని గట్టిపడుతుంది. వానాకాలంలో అది బాగా నెమ్మదిస్తుంది. అందుకే అడుగు పొరలో నూనె తక్కువ, పై పొరల్లో ఎక్కువ. ఈ వరస తిరగేస్తే తర్వాత రంగు బీటలిస్తుంది. తడి కాన్వాసుని బీరువా వెనక చీకట్లో పెట్టకండి, పసుపెక్కుతుంది. వెలుతురున్న వసారాలో, జల్లు కొట్టని మూల చాలు.