పోలీసు డేటాబేసులో మీ పేరు మీద ఏముందో తెలుసుకోవడం, తప్పుంటే సరిచేయించుకోవడం ఎలా

మా ఫ్రెండ్ ఒకడు పాస్‌పోర్టుకి అప్లై చేశాడు. వెరిఫికేషన్‌కి వచ్చిన కానిస్టేబుల్ ట్యాబ్‌లో పేరు కొట్టి, స్క్రీన్ వాడి వైపు తిప్పి "ఇది మీరేనా సార్?" అన్నాడు. పేరు అదే, తండ్రి పేరులో ఒక్క అక్షరం తేడా, వయసు పదకొండేళ్లు ఎక్కువ, కేసేమో వీడు ఎన్నడూ అడుగుపెట్టని జిల్లాలోది. అది నేను కాదు మొర్రో అని నిరూపించుకోవడానికి టెన్త్ మెమో దగ్గర్నుంచి అన్నీ పట్టుకుని తిరగాల్సి వచ్చింది.

సీసీ కెమెరాల గురించి అందరం మాట్లాడుకుంటాం గానీ, నా ఉద్దేశంలో అసలు తలనొప్పి ఇక్కడుంది. ఏదో ఒక స్టేషన్‌లో రైటర్ కొట్టిన వివరం దేశమంతా కనిపిస్తుంది, తర్వాత కేసు కొట్టేసినా ఆ సంగతి మాత్రం ఎవరో ఒకరు పూనుకుంటే తప్ప అందులోకి ఎక్కదు.

ముందు ఎక్కడ వెతకాలో తెలియాలి. 2009లో కేంద్రం ఆమోదించిన సీసీటీఎన్ఎస్ అనే నెట్‌వర్క్ స్టేషన్లన్నిటినీ కలుపుతుంది. ఎఫ్ఐఆర్, అరెస్టు, చార్జిషీటు వివరాలు అందులో ఉంటాయి, జాతీయ స్థాయిలో ఎన్‌సీఆర్‌బీ (జాతీయ నేర రికార్డుల బ్యూరో) చూసుకుంటుంది. దాన్ని కోర్టులు, జైళ్లు, ఫోరెన్సిక్ ల్యాబుల రికార్డులతో కలిపేది ఐసీజేఎస్. నిఘా సంస్థలకి రకరకాల డేటాబేసుల సమాచారం ఒకచోట అందించే నాట్‌గ్రిడ్ అని ఇంకోటి ఉంది, 2008 ముంబై దాడుల తర్వాత వచ్చిన ఆలోచన, కానీ 2011 నుంచి దానికి సమాచార హక్కు చట్టం (ఆర్టీఐ) నుంచి మినహాయింపు ఉంది కాబట్టి అక్కడ టైం వేస్ట్ చేసుకోకండి.

పైసా ఖర్చు లేని పనితో మొదలుపెట్టండి. ఎఫ్ఐఆర్‌ను 24 గంటల్లో వెబ్‌సైట్‌లో పెట్టాలని 2016లో సుప్రీంకోర్టు చెప్పింది (లైంగిక నేరాలు, ఉగ్రవాదం లాంటి సున్నితమైన కేసులు తప్ప), కాబట్టి మీ రాష్ట్ర పోలీసుల సిటిజన్ పోర్టల్‌లో వెతకొచ్చు. కోర్టు కేసుల వివరాలుండే ఈకోర్ట్స్ వెబ్‌సైట్‌లో పేరు, సంవత్సరం కొట్టి కూడా చూడొచ్చు. కాకపోతే మన పేర్లతో ఒక చిక్కుంది: ఇంటిపేరు ముందు, ఇంటిపేరు వెనక, ఒట్టి ఇనీషియల్, ఇంగ్లిష్‌లో లక్ష్మికి కేఎస్‌హెచ్చా ఎక్సా, ఇలా ఒకే మనిషి నాలుగు రకాలుగా నమోదై ఉంటాడు. అన్ని రకాలుగానూ కొట్టి చూడండి, విసుగొచ్చినా సరే.

పోలీసు వైపు నుంచి ఏం కనిపిస్తోందో తెలియాలంటే తేలిక దారి పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్‌కి అప్లై చేయడం. ఉద్యోగం వచ్చాకో, వీసా ముంగిట్లోనో కాకుండా, తీరిక ఉన్నప్పుడే చేసుకుంటే తేడా ఉంటే అప్పుడే బయటపడుతుంది.

ఇక ఆర్టీఐ. జిల్లా ఎస్పీ లేదా కమిషనర్ ఆఫీసులోని పౌర సమాచార అధికారి పేరున తెల్లకాగితం మీద రాసి, 10 రూపాయల కోర్టు ఫీ స్టాంపో పోస్టల్ ఆర్డరో పెట్టి స్పీడ్ పోస్టులో పంపండి. "నా గురించి ఉన్నదంతా ఇవ్వండి" అని రాస్తే తిప్పికొడతారు. ఇలా రాయండి:

"నా పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ పైన ఇచ్చాను. ఈ వివరాలతో సీసీటీఎన్ఎస్‌లో నిందితుడిగా, అనుమానితుడిగా నమోదైన ఎంట్రీలు ఏమైనా ఉన్నాయా? ఉంటే ఎఫ్ఐఆర్ నంబరు, స్టేషన్, ప్రస్తుత స్టేటస్, స్టేటస్ చివరిసారి అప్‌డేట్ చేసిన తేదీ ఇవ్వగలరు. నా వేలిముద్రలు, ఫోటో తీసుకుని ఉంటే ఏ తేదీన, ఏ చట్టం కింద తీసుకున్నారో తెలుపగలరు."

వేరేవాళ్ల పేర్లు మాత్రం అడగొద్దు, వ్యక్తిగత సమాచారం అని మొత్తం తిరస్కరించడానికి వాళ్లకి సాకు దొరుకుతుంది. 30 రోజుల్లో జవాబు రావాలి. రాకపోతే 30 రోజుల్లోపు మొదటి అప్పీలు, అదీ తేలకపోతే 90 రోజుల్లోపు సమాచార కమిషన్‌కి రెండో అప్పీలు. "విచారణలో ఉంది" అని ఒక్క ముక్క రాసి పంపితే ఊరుకోకండి. ఆ సమాచారం ఇస్తే విచారణకి ఎలా అడ్డం వస్తుందో చెప్పాలని 2007లోనే ఢిల్లీ హైకోర్టు అన్నది, అప్పీల్లో ఆ మాట రాయండి. డేటా రక్షణ చట్టం వచ్చింది కదా, దాంతో తీసేయించుకుంటాం అనేవాళ్లూ ఉన్నారు. 2023 నాటి ఆ చట్టంలో నేర పరిశోధన కోసం వాడే డేటాకి 17వ సెక్షన్ కింద మినహాయింపు ఉంది, కాబట్టి అది ఇక్కడ పెద్దగా పనికిరాదు.

తప్పు దొరికిందనుకోండి. పై ఆఫీసులకి మెయిళ్లు పెట్టే ముందు, ఎంట్రీ పుట్టిన స్టేషన్‌కే వెళ్లండి. కేసు కొట్టేసి ఉంటే కోర్టు నుంచి తీర్పు సర్టిఫైడ్ కాపీ తీసుకుని, స్టేటస్ మార్చమని ఎస్‌హెచ్‌ఓకి (స్టేషన్ ఇన్‌చార్జి అధికారికి) ఒకటి, జిల్లా క్రైమ్ రికార్డ్స్ బ్యూరోకి ఒకటి ఇవ్వండి, రెండింటి మీదా రిసీవ్డ్ సీల్ వేయించుకోండి. సీల్ లేకుండా ఇచ్చిన కాగితం ఇవ్వనట్టే. నెల తర్వాత మళ్లీ ఆర్టీఐ పెట్టి "స్టేటస్ ఏ తేదీన మారింది?" అని అడగండి, మారకపోయినా ఆ ప్రశ్నకి జవాబు రాయడానికి ఎవరో ఒకరు ఫైలు తెరవాల్సిందే కదా.

వేలిముద్రలు, ఐరిస్, ఫోటోల లెక్క వేరు. 2022లో వచ్చిన క్రిమినల్ ప్రొసీజర్ గుర్తింపు చట్టం ప్రకారం ఎన్‌సీఆర్‌బీ వాటిని 75 ఏళ్లు దాచుకోవచ్చు. డెబ్బై ఐదు! అయితే అంతకుముందు శిక్ష పడని మనిషిని కోర్టు విచారణ లేకుండా వదిలేసినా, కేసు నడపక్కర్లేదని కోర్టు డిశ్చార్జి చేసినా, అప్పీళ్లన్నీ అయ్యాక నిర్దోషి అని తేలినా, కోర్టు కారణాలు రాసి వద్దంటే తప్ప వాటిని చెరిపేయాలి. దానికి రాష్ట్రం నియమించిన నోడల్ అధికారికి దరఖాస్తు పెట్టాలి. చెరిగేవి ఈ వేలిముద్రలు, ఫోటోల్లాంటివే, ఎఫ్ఐఆర్ ఎంట్రీ కాదు, కాబట్టి పై పని కూడా చేసుకోవాల్సిందే.

రోడ్డు మీద ఊరికే ఆపి ఫోటో తీస్తే? 2021 లాక్‌డౌన్‌లో హైదరాబాద్‌లో ఒకాయనకి మాస్కు తీయించి ఫోటో తీసుకుంటే, ఆయన ఏకంగా ముఖ గుర్తింపు వ్యవస్థ మీదే హైకోర్టుకెళ్లారు. 2022 చట్టం ప్రధానంగా శిక్ష పడ్డవాళ్లకి, అరెస్టయినవాళ్లకి, నిర్బంధంలో ఉన్నవాళ్లకి. మిగతావాళ్ల నుంచి తీసుకోవాలంటే మేజిస్ట్రేట్ ఆదేశం కావాలి. "ఏ చట్టం కింద సార్?" అని మర్యాదగా అడగండి, వాదన పెంచొద్దు. టైం, చోటు, బ్యాడ్జి మీది పేరు రాసుకుని ఇంటికొచ్చి ఆర్టీఐ పెట్టండి.

చివరగా బండి. నంబరు ప్లేట్లు చదివే కెమెరాలకి ఎవరు నడిపారో తెలియదు, ఆర్సీలో ఎవరి పేరుంటే వాళ్లదే ఆ బండి. అమ్మేసిన బైక్ ఇంకా మీ పేరు మీదే తిరుగుతుంటే, అది వెళ్లిన ప్రతి చోటుకీ మీరు వెళ్లినట్టే. అమ్మిన 14 రోజుల్లో ఆర్టీఓకి తెలియజేయండి, ఈలోగా తాళాలు చేతికిచ్చిన రోజే కొన్నవాడితో తేదీ, టైం వేయించి ఒక కాగితం మీద సంతకం తీసుకుని ఫోన్‌లో ఫోటో పెట్టుకోండి.